జానెడు తగ్గిన కొలను

మే నెల. పొద్దున ఐదున్నర దాటింది. హనుమకొండలో వడ్డేపల్లి చెరువు వైపు పోయే ఒక వీధి, అందులో మా పెద్దమ్మ ఇల్లు. పెరట్లో చెప్పులు విడిచి కొలను గట్టురాయి మీద నిలబడ్డాం. రాయి ఇంకా గోరువెచ్చగానే ఉంది, రాత్రంతా చల్లారనే లేదు. నీళ్లు ఉండాల్సిన చోట లేవు. నల్ల రబ్బరు షీటు చుట్టూతా జానెడు మేర బయటపడింది. దానికి పట్టిన నాచు ఇంకా తడిగా మెరుస్తోంది. నిన్న సాయంత్రం నీటి మీద పరుచుకున్న కలువాకులు కాడలు వాల్చి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. రోజూ సన్నగా వినిపించే పంపు ఇప్పుడు గాలి మింగుతూ గరగరమంటోంది.

మీరు వంగి చెయ్యి ముంచబోతారు. వెనక నుంచి కేక.

"నీళ్లల్ల చెయ్యి పెట్టకు బిడ్డా! ముందుగాల ప్లగ్గు తీయి!"

పెద్దమ్మ చేతిలో చీపురు అలాగే ఉంది. వరండా గోడకున్న ప్లగ్గు పీకగానే గరగర ఆగింది. ఇప్పుడు చేపలు కనిపిస్తాయి. నారింజ రంగు కోయి పిల్లలు అడుగున ఒక మూలకు చేరి ఉన్నాయి, గప్పీలు మాత్రం ఏమీ జరగనట్టు పైపైన తిరుగుతున్నాయి.

"ఎండకు గింత పోతదా?" అంది పెద్దమ్మ. అది ప్రశ్న కాదు. జవాబు ఆమెకు తెలుసు.

మనమూ లెక్క చూద్దాం. కొలను పొడవు 3 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు, నిండితే లోతు 70 సెంటీమీటర్లు. అంచులు దాదాపు నిటారుగా తవ్వారు. అంటే మట్టం ఒక్క సెంటీమీటరు దిగితే 60 లీటర్లు పోయినట్టు, చిన్న బిందెలతో నాలుగు. దక్కన్ మీద మే ఎండకు రోజుకు సెంటీమీటరు అటూ ఇటూ ఆవిరైపోతుంది. వడగాడ్పు కొడితే ఇంకొంచెం. ఇప్పుడు తగ్గింది 25 సెంటీమీటర్లు. ఎండ ఒక్కటే ఆ పని చేయాలంటే మూడు వారాలకు పైగా పడుతుంది. పైగా నాచు తడి ఆరలేదు. ఈ నీళ్లు పోయి గంటో రెండు గంటలో అయి ఉంటుంది.

షీటుకు చిల్లు పడిందా? ముల్లు గుచ్చుకున్న చిల్లు ఇంత తొందరగా తాగదు. ఇంత నీటిని ఇంత త్వరగా బయటికి పంపగలది ఈ కొలనులో ఒక్కటే ఉంది: మనమే కొని, మనమే పెట్టి, కరెంటు ఇచ్చి నడుపుతున్న పంపు. దాని మీద గంటకు 2000 లీటర్లని రాసి ఉంది. ఆ నీళ్లు తిరిగి కొలనులోకి రాకుండా పక్కకు పడ్డాయంటే గంటకు 33 సెంటీమీటర్లు దిగాల్సిందే.

గట్టు దిగి అరటి చెట్ల వైపు రెండు అడుగులు వేయండి. పాదం చీలమండ దాకా బురదలో దిగుతుంది. ఇదిగో, దొరికింది. గట్టు మీద నీలం డ్రమ్ము ఉంది కదా, అడుగున కంకర, పైన స్పాంజీ వేసి పెద్దమ్మ తయారు చేయించుకున్న ఫిల్టరు. కొలనులోని పంపు నీటిని దానిలోకి ఎక్కిస్తుంది, అక్కడ వడకట్టుకుని బండరాయి మీదుగా మళ్లీ కొలనులో పడుతుంది. ఆ డ్రమ్ములో ఉండాల్సిన పైపు ఊడి అరటిమొక్కల మధ్య పడి ఉంది. ప్రహరీ మీద బురద చేతులు. చిన్న చేతులు, పొడవాటి వేళ్లు. కింద సగం కొరికిన బొప్పాయి.

"కోతులే. మబ్బుల్నే దిగినయ్." పెద్దమ్మ గోడ వంక చూసి ఒక తిట్టు తిట్టింది. అది ఇక్కడ రాయను.

వరంగల్, హనుమకొండ వీధుల్లో కోతుల గుంపులు తిరగడం కొత్త కాదు. ఎండాకాలంలో వాటికి నీళ్లు కావాలి. నీళ్లు తాగినందుకు వాటిని ఏమీ అనలేం. కానీ తాగిపోయేటప్పుడు దొరికిన తీగనల్లా గుంజి చూస్తాయి, అదే చిక్కు. కోతులు లేని ఊళ్లో ఈ పని వీధికుక్క చేస్తుంది, బంతి కోసం దిగిన పిల్లవాడు చేస్తాడు, ఎండకు పెళుసెక్కి పైపు తనంతట తానే చేసుకుంటుంది. కారణం ఏదైనా కొలను ఖాళీ అయ్యే దారి మాత్రం ఇదే. పెరటి కొలనుల గురించి ఎవరితో మాట్లాడినా చిల్లుల భయమే వినిపిస్తుంది. నా లెక్కలో చిల్లు చిన్న దొంగ. పెద్ద దొంగ నడుస్తున్న పంపు.

మరి ఈ పంపు కొలనంతా ఎందుకు తోడెయ్యలేదు? గట్టు మీద నుంచి లోపలికి చూడండి. పంపు అడుగున లేదు. ఇటుకలు పేర్చిన దిమ్మె మీద, అడుగు నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తున కూర్చుంది. ఇటుక అంచు షీటును కొయ్యకుండా దిమ్మె కింద మిగిలిన షీటు ముక్కను మడిచి వేశారు. మట్టం 25 సెంటీమీటర్లు దిగేసరికి పంపు నోటికి నీళ్లు అందలేదు. మిగిలిన మూరెడు నీళ్లు చేపలవి. పోయింది 1500 లీటర్లయితే, ఉన్నది 2700 లీటర్లు.

పంపు అమ్మిన దుకాణంలో అడుగున పెట్టమన్నారట. అడుగున పెడితే మట్టి కూడా లాగి నీళ్లు తేటగా ఉంటాయన్నది వాళ్ల మాట. అబద్ధం కాదు. పెద్దమ్మ వినలేదు. అడుగు మట్టి ఏడాదికొకసారి, తొలకరికి ముందు, చేత్తో ఎత్తిపోసుకుంటానంది. ఆ మొండితనం ఎక్కడిదంటే, వాళ్ల నాన్న ఊరి చెరువుకు నీరటి. తూము ఎప్పుడు తియ్యాలో, ఎంత తియ్యాలో, ఏ మడికి ఎంతసేపు పారించాలో ఆయన చేతిలో ఉండేది. వాన రాత్రి గొంగడి కప్పుకుని కట్ట మీద తిరిగేవాడట, ఎండ్రకాయ బొక్కో పందికొక్కు బొక్కో తడిసిందేమోనని. చెరువు తూమును అట్టడుగున పెట్టరు. తూము గడప కింద ఉన్న నీరు తూములోంచి పోదు. ఎవరైనా తూము మూయడం మరిచినా చెరువు పూర్తిగా ఖాళీ కాదు, పశువులకూ చేపలకూ ఆ మడుగు మిగులుతుంది. పెద్దమ్మ పంపును ఇటుకల మీద పెట్టించింది అంటే, తండ్రి చెరువులో చూసిన తూము గడపను పెరట్లో కట్టుకుందన్నమాట.

మన వాళ్లు ఈ సంగతులు రాతి మీద కూడా చెక్కించారు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు, బుక్కరాయల కొడుకు, అక్కడ చెరువు కట్టించి వేయించినది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు అందులో వరసగా ఉంటాయి. దోషాల్లో మొదటిది కట్ట నుంచి నీరు కారడం. చవుడు నేల, నడుమ మెరక, రెండు రాజ్యాల సరిహద్దులో పడటం వంటివన్నీ దాని తర్వాతే. రోజూ వెయ్యిమంది కూలీలు, రాయి మోయడానికి వంద బళ్లు, రెండేళ్ల పని అని కూడా అందులో లెక్క రాశారు. పెద్దమ్మకు ఈ శాసనం గురించి చెప్తే, "రాజ్యాల సరిహద్దు నాకెందుకు, పక్కింటి కొబ్బరిచెట్టు వేర్లు సూడు" అంది.

సరే, పనిలోకి దిగుదాం. పైపును కడిగి, డ్రమ్ము ముక్కుకు తొడిగి, ఈసారి ఉత్త బిగువుకు వదలకుండా స్టీలు క్లిప్పు వేసి స్క్రూడ్రైవరుతో తిప్పండి. మరీ బిగిస్తే ప్లాస్టిక్ ముక్కు పగులుతుంది, చేతికి తెలిసేటంత చాలు. పైపును గట్టు పొడవునా రాళ్ల కిందుగా తీస్తే కోతి చేతికి కొస అందదు. డ్రమ్ము అంచుకు రెండు అంగుళాల కింద ఇంకో పైపు కనిపిస్తుందా? అది కొలను వైపే వంగి ఉంటుంది. స్పాంజీ మురికితో మూసుకుపోయిన రోజున డ్రమ్ము నిండి పొర్లుతుంది. ఆ పొర్లే నీరు వీధిలోకి పోకుండా మళ్లీ కొలనులోనే పడేందుకు ఆ పైపు. డ్రమ్మును కూడా కొలను వైపు ఒక వేలు వాలుగా నిలబెట్టారు. చాలామంది ఫిల్టర్ల దగ్గర ఈ పైపు కనబడదు. పంపు లోపలుండి తోడుతూనే ఉంటుంది, ఫిల్టరు బయటికి పోస్తూనే ఉంటుంది, ఇంటివాళ్లు పెళ్లికి పోయి వచ్చేసరికి చేపలు ఎండుతుంటాయి.

ఇప్పుడు నింపాలి. ఒక్కసారిగా కాదు. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, నేరుగా వదిలితే చేపల మొప్పలు కాలిపోతాయి. బోరు నీళ్లలో క్లోరిన్ లేదు గానీ ప్రాణవాయువు తక్కువ, వేడిలోనూ తేడా ఉంటుంది. పెద్దమ్మ బోరు నీటినే డాబా మీద ట్యాంకులో రాత్రంతా నిలవ ఉంచి, పైపు కొసకు బొటనవేలు అడ్డం పెట్టి చిమ్ముతూ, పొద్దున కొంత, సాయంత్రం కొంత, రేపు కొంత పోస్తుంది. చిమ్మితే నీటిలో గాలి కలుస్తుంది.

ఆ పైపు కొసను చూడండి. నీళ్లలో ముంచలేదు. వెదురు గుంజకు కట్టి, నీటికి జానెడు పైన వేలాడదీసింది. ట్యాంకు నింపకుండా బోరు మోటారు నుంచే నేరుగా పైపు వేసుకునే ఇళ్లు చాలా ఉన్నాయి కదా. పైపు కొస కొలనులో మునిగి ఉండగా కరెంటు పోయిందనుకోండి. మోటారు పైన నీరు వెనక్కి రాకుండా పట్టే వాల్వు సరిగా ఉంటే పరవాలేదు. అది అరిగిపోయి ఉంటే బోరు పైపులో నిలిచిన నీరంతా కిందికి జారుతుంది, జారుతూ వెనకాలే కొలను నీటిని పీల్చుకుపోతుంది. ఈ వీధిలోనే ఒకాయన తొట్టి నింపబోయి తొట్టిని బోరులోకి ఖాళీ చేసుకున్నాడు. మోటారు బాగు చేయించి, తొట్టి కారుతోందని మేస్త్రీని కూడా పిలిచాడు పాపం. పైపుకూ నీటికీ మధ్య జానెడు గాలి ఉంటే పీల్చడానికి ఏమీ ఉండదు.

రెండో రోజు సాయంత్రానికి కొలను నిండింది. ఇంకెవరైనా అయితే ఇక్కడ ఆగేవారు. పెద్దమ్మ గట్టు చుట్టూ తిరిగి వచ్చి, "ఇయ్యాల ఎండకు పోయేదానికన్న ఎక్కువే పోయింది" అంది. కళ్లతో చూసి ఎలా చెప్పగలిగిందో నాకు తెలియదు. తేల్చడానికి ఒక బకెట్ చాలు.

పంపు దిమ్మె మీద ఒక తెల్ల బకెట్ పెట్టి, దాన్నిండా కొలను నీళ్లే పోశాం. లోపలి మట్టం, బయటి మట్టం సమానం చేసి రెండు చోట్లా మార్కరుతో గీతలు గీశాం. పంపు ఆపేశాం. బకెట్‌కు చిల్లు లేదని మనకు తెలుసు కాబట్టి అందులో తగ్గేది ఎండ వాటా. కొలనులో అంతకన్నా ఎక్కువ తగ్గితే ఆ తేడా కారుతున్న వాటా. రోజు గడిచింది. బకెట్‌లో సెంటీమీటరు తగ్గింది. కొలనులో సెంటీమీటరున్నర దాటింది. పంపు ఆగి ఉండగానే తగ్గింది కనుక పైపులు, డ్రమ్ము, బండరాయి మీద చిందే నీళ్లు ఏవీ కారణం కావు. షీటులోనో అంచులోనో ఉంది దోషం. తేడా రోజుకు 30 లీటర్ల పైచిలుకు, అంటే రెండు బిందెలు.

అంచు నుంచి మొదలుపెడదాం, వంగడం తేలిక కాబట్టి. ఈశాన్యం మూలకు రండి. నీళ్లు ఈశాన్యంలో ఉండాలని వాస్తు చెప్పిన పెద్దమనిషి మాట మీద కొలను తవ్వింది ఈ మూల పక్కనే. వాస్తు బాగానే ఉంది, మట్టి మాత్రం కుంగింది. రాళ్ల మధ్య గరిక ఎంత పచ్చగా ఉందో చూశారా? మే నెలలో పెరడంతా ఎండి తుప్పు రంగుకు తిరిగితే ఇక్కడ ఒక్కచోటే గరిక మోకాలెత్తు. పక్కరాయి లేపితే బండారం బయటపడింది. షీటు అంచు నిలబడి ఉండాల్సింది బయటికి వాలిపోయింది, దాని మీదుగా మట్టి పేరుకుంది, మట్టిలో గరిక వేరు పారి ఒక కొస నీటిలో, ఒక కొస పెరట్లో. ప్రమిదలో వత్తి నూనెను పీల్చినట్టు ఆ వేళ్లు రాత్రింబవళ్లు నీటిని అంచు దాటిస్తున్నాయి. ఎక్కడా ధార కనిపించదు, చప్పుడు ఉండదు. షీటుకు చిల్లు కూడా లేదు.

గరికను వేళ్లతో సహా కోసి తీసేశాం. ఇంకెక్కడ కుంగిందో చూడటానికి మేస్త్రీలు వాడే లెవెల్ పైపు తెచ్చింది పెద్దమ్మ. పారదర్శకమైన సన్న పైపు, సగం దాకా నీళ్లు. ఒక కొస మీరు పట్టుకుని ఈ మూల కూర్చోండి, ఇంకో కొస నేను పట్టుకుని గట్టు వెంట నడుస్తాను. "కదిలించకు... ఆగనీ... ఎంత?" నాలుగు మూలలూ చుట్టి వచ్చేసరికి ఈశాన్యం మిగతావాటి కన్నా మూడు వేళ్లు దిగువ అని తేలింది. షీటు ఎత్తి కింద బంకమట్టి దట్టించి, కాలితో తొక్కి, అంచును రాయి వెనక నిటారుగా నిలబెట్టి, బయటి మట్టికీ దానికీ మధ్య బెత్తెడు ఎడం వదిలాం. ఆ ఎడంలో గులకరాళ్లు పోశాం. గులకరాళ్లు నీటిని పీల్చవు.

అంచు బాగుండి కూడా నీరు తగ్గుతూ ఉంటే అప్పుడు చిల్లు వెతకాలి. దానికీ పద్ధతి ఉంది. చేపలను తొట్టిలోకి మార్చి, మట్టాన్ని తగ్గనివ్వడమే. ఎక్కడ ఆగితే ఆ గీత వెంటే చిల్లు ఉంటుంది. సిరంజీతో కొంచెం పాలు గీత పక్కన వదిలితే, చిల్లు ఉన్న చోట ఆ తెలుపు దారమై లోపలికి పోతుంది. మనకు ఆ అవసరం రాలేదు.

రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయింది. వీధి చీకటి. గట్టు మీద కూర్చుని చెవి పెట్టండి. బుడబుడ, బుడబుడ. డ్రమ్ములో నీరు పంపు పైపు వెంటే వెనక్కి దిగుతోంది, పైపు కొస డ్రమ్ములో మునిగి ఉంది కాబట్టి. సెల్‌ఫోన్ లైటులో చూస్తే కొలను మట్టం మెల్లగా ఎక్కుతోంది. డ్రమ్ములో 100 లీటర్లు, అంటే వేలు మందం. కొలను అంచు దాకా నింపి ఉంచితే ఈ వేలు మందం నీరు బయటికి పొర్లేది. కరెంటు వచ్చాక పంపు మళ్లీ డ్రమ్మును నింపేది, మళ్లీ పోయినప్పుడు మళ్లీ పొర్లేది. ఎండాకాలం కరెంటు సంగతి తెలిసిందే. అందుకే నాలుగు వేళ్లు ఖాళీ వదిలి నింపమంది పెద్దమ్మ. ఆ ఖాళీలో, అరటి పాదు వైపు, జాలీ బిగించిన ప్లాస్టిక్ పైపు ముక్క పెట్టించింది. దాని పేరు ఆమె నోట అలుగు. వాన పడి నిండినప్పుడు నీరు పోయే చోటు మనం చూపిస్తే అక్కడి నుంచే పోతుంది. చూపించకపోతే ఎక్కడ గట్టు దిగువగా ఉందో అక్కడ దారి చేసుకుని, కింద మట్టి కోసి, చేపపిల్లలను కూడా వెంట తీసుకుపోతుంది.

మరునాడు హైదరాబాద్ నుంచి అన్న ఫోను. సంపులో పెట్టే బాల్ వాల్వు ఒకటి కొలనుకూ పెట్టించుకొమ్మని, నీళ్లు తగ్గితే దానంతట అదే నిండుతుందని సలహా. పెద్దమ్మ స్పీకరులో పెట్టి విన్నది.

"అది పెడితే నీళ్లు పోతున్నయని నాకెట్ల తెలుస్తది కొడుకా? పొద్దున లేచి సూస్తే నిండుగనే కనిపిస్తది. కోతి పైపు గుంజిందనుకో, ఇటు పోతుంటే అటు నల్లా నీళ్లు వస్తనే ఉంటయ్. చేపలు సచ్చినంక తెలుస్తది."

అన్న ఇంకేదో అనబోయాడు. ఆమె వాదనలో నాకైతే లొసుగు కనిపించలేదు. పొద్దునే గీత చూసి రెండు బిందెలు పోసుకోవడం ఆమెకు కష్టమూ కాదు. కానీ ఫ్లోట్ స్విచ్ సంగతి వేరు. అది నీళ్లు పోయదు, పంపు ఆపుతుంది. నీటి మట్టం దిగినప్పుడు దాని బుర్ర వాలి కరెంటు తెగుతుంది. ఇటుకల దిమ్మె చేపలను కాపాడింది గానీ పంపును కాపాడలేదు. నీరందక గాలి మింగుతూ ఇంకో గంట నడిస్తే మోటారు కాలిపోయేది. పైగా 25 సెంటీమీటర్ల దాకా ఎందుకు పోనివ్వాలి? ఈ మాటకు పెద్దమ్మ ఒప్పుకుంది. ఖర్చు తక్కువని విన్నాక ఇంకా త్వరగా ఒప్పుకుంది.

ఎలక్ట్రీషియన్ మధ్యాహ్నం వచ్చాడు. ముందు ప్లగ్గు దగ్గర షాకు కొడితే చప్పున పడిపోయే బ్రేకరు బిగించాడు. అది లేకుండా నీళ్లలో వైరు వేయనన్నాడు, మంచివాడు. తర్వాత స్విచ్ వైరును గుంజకు కట్టి, "అయిపోయిందమ్మా, ఇంక ఫికర్ లేదు" అని డబ్బులకు నిలబడ్డాడు.

"ఆగు," అంది పెద్దమ్మ. గట్టు ఎక్కి, క్లిప్పు వదులు చేసి, డ్రమ్ము నుంచి పైపును తనే ఊడదీసి అరటి పాదులో పడేసింది. "ఇప్పుడు వెయ్యి."

పంపు మొదలైంది. పైపు నుంచి ధార అరటి మొదట్లో పడుతోంది. ఎలక్ట్రీషియన్ తల గోక్కుంటున్నాడు. పెద్దమ్మ చూపు మార్కరు గీత మీదే. రెండు వేళ్లు దిగింది. నాలుగు వేళ్లు. జానెడులో సగం. అరటి పాదు నిండి కాలవకట్టింది. ఇంకా నడుస్తూనే ఉంది. ఆరో వేలు దాటాక టక్కుమని ఆగింది.

"ఆరు వేళ్లంటే ఎన్ని లీటర్లు?" అని నన్నడిగింది. ఆమె వేళ్లతో ఆరు అంటే 10 సెంటీమీటర్లకు పైనే, 600 లీటర్లు దాటుతుందని చెప్పాను.

"గన్ని ఎందుకు? వైరు ఇంకో మూడు వేళ్లు పైకి కట్టు," అంది ఎలక్ట్రీషియన్‌తో. అతను మళ్లీ స్క్రూడ్రైవరు తీశాడు.